ఏడో తరగతి బాబు అసెస్‌మెంట్‌కు ఇంటిల్లిపాదినీ ఎందుకు రమ్మంటున్నారు? షార్జాలో ఉన్న నేను ఆ ఫారం ఎలా నింపాలి?

ప్రశ్న: జగిత్యాల_షార్జా

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల జిల్లాలోని ఒక మండల కేంద్రం. నేను షార్జాలో ఒక గోదాములో పని చేస్తూ, సెలవు దొరికినప్పుడు మాత్రమే ఇంటికి వచ్చిపోతుంటాను. ఊళ్లో మా అమ్మానాన్నలతో పాటు నా భార్య, పన్నెండేళ్ల కొడుకు, ఎనిమిదేళ్ల కూతురు ఉంటారు. బాబు ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడిలో ఏడో తరగతి చదువుతున్నాడు. ఐదో తరగతి దాకా ఫర్వాలేదనిపించిన పిల్లవాడికి ఆరు నుంచి మార్కులు తగ్గుతూ వచ్చాయి. ఈ ఏడాది సోమవారం వచ్చిందంటే చాలు, కడుపునొప్పి అంటూ బడి మానేస్తున్నాడు. వెళ్లిన రోజున కుదురుగా కూర్చోడని, పక్క పిల్లలను కదిలిస్తాడని టీచరు ఫిర్యాదు. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవక, కుదురుగా ఉండలేకపోయే సమస్య) ఉందేమో, సైకలాజికల్ అసెస్‌మెంట్ చేయించి రిపోర్టు తెమ్మని ప్రిన్సిపాల్ చెప్పారు.

నా భార్య, మా బావమరిది కలిసి బాబును కరీంనగర్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరకు తీసుకెళ్లారు. గంటలో పరీక్ష పెట్టి కాగితం చేతికిస్తారని అనుకున్నాం. ఆమె మాత్రం మొదటి రోజు ఏ పరీక్షా పెట్టకుండా, కాన్పు దగ్గర నుంచి ఇప్పటి వరకు జరిగినవన్నీ అడిగి రాసుకున్నారు. వచ్చేసారి నాయనమ్మ, తాత కూడా రావాలని, చెల్లెలితో కాసేపు మాట్లాడతానని, బాబుతో తలుపు వేసుకుని ఒంటరిగా మాట్లాడతానని, నాతో వీడియో కాల్‌లో విడిగా మాట్లాడాలని చెప్పారట. నాకూ నా భార్యకూ వేర్వేరుగా నూటికి పైగా వాక్యాలున్న ఫారం పంపారు. గత ఆరు నెలల్లో బాబు ఎలా ఉన్నాడో చూసి ప్రతి వాక్యానికీ సున్నా, ఒకటి, రెండులో ఏదో ఒకటి గుర్తు పెట్టాలట. ఈ ఆరు నెలల్లో నేను వాణ్ని ఫోన్ తెర మీద తప్ప చూడలేదు.

బాబుకు చదువు రాకపోతే బాబునే పరీక్షించాలి గానీ, అత్తాకోడళ్లకు పడుతుందా లేదా, నేను ఎప్పుడెప్పుడు ఫోన్ చేస్తాను, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది అన్న వివరాలతో పనేమిటని మా నాన్న గట్టిగానే అడుగుతున్నారు. ఇవన్నీ రిపోర్టులోకి ఎక్కితే బడికి తెలుస్తుంది, బడి నుంచి ఊరికి తెలుస్తుంది, రేపు ఆడపిల్ల పెళ్లి సంబంధం దగ్గర ఎవరో ఒకరు ఎత్తిపొడుస్తారన్నది ఆయన భయం. ఆ భయం నాకూ లేకపోలేదు. నేను దూరంగా ఉండటమే కారణమని చివరికి రాసేస్తారేమోనన్న అనుమానం కూడా ఉంది. ఇలా అందరినీ పిలవడం మామూలు పద్ధతేనా? ఆ ఫారం నేను నింపవచ్చా, లేక నా భార్యను అడిగి ఇద్దరం ఒకేలా నింపాలా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: పిల్లల_సైకాలజిస్ట్_వరంగల్

నమస్కారం అండీ. నేను పిల్లలకు, కౌమార వయసు వారికి అసెస్‌మెంట్ చేసే క్లినికల్ సైకాలజిస్ట్‌ను. మీ బాబును చూడకుండా అతనికి ఏముందో, ఏం లేదో చెప్పడం సరికాదు కాబట్టి, మీరు అడిగిన పద్ధతి వరకే మాట్లాడతాను. కరీంనగర్‌లో ఆవిడ చేస్తున్నది మామూలు పద్ధతే. నా ఉద్దేశంలో మంచి పద్ధతి కూడా.

పెద్దవాళ్లు తమ బాధ తామే చెప్పుకోవడానికి వస్తారు, పిల్లలను ఎవరో ఒకరు తీసుకువస్తారు. అందువల్ల పిల్లల విషయంలో ఎవరికి ఏది ఇబ్బందిగా ఉందో ముందు విడదీసి చూడవలసి వస్తుంది. మీ పోస్టునే మళ్లీ చదవండి. టీచరుకు కుదురు లేకపోవడం ఇబ్బంది, ఇంట్లో మార్కులు ఇబ్బంది, తాతగారికి ఊళ్లో మాట పడటం ఇబ్బంది, మీకు మీ దూరం ఇబ్బంది. బాబుకు ఏది ఇబ్బందిగా ఉందో ఇందులో ఎక్కడా లేదు. అతనితో ఒంటరిగా మాట్లాడతానని ఆవిడ అన్నది అందుకే. పన్నెండేళ్ల పిల్లవాడు పక్కన అమ్మ ఉంటే అమ్మ ముఖం చూసి, నాయనమ్మ ఉంటే నాయనమ్మ ముఖం చూసి జవాబు చెబుతాడు. మాట్లాడే ముందు, నువ్వు చెప్పినవన్నీ ఇంట్లో చెప్పను, అయితే నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే చెప్పక తప్పదు అని పిల్లవాడికి వివరిస్తాం. లైంగిక వేధింపుల సంగతి బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఈ షరతులు తల్లిదండ్రులకు కూడా ముందే చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి.

ఇక ఫారం సంగతి. మీ వర్ణనను బట్టి అది ఆషెన్‌బాక్ ఫారం అయి ఉండవచ్చు. అందులో తల్లిదండ్రులకు ఒకటి, టీచరుకు ఒకటి, పదకొండేళ్లు దాటిన పిల్లలు తామే నింపేందుకు ఒకటి ఉంటాయి. దయచేసి మీ భార్యను అడిగి ఒకేలా నింపకండి. 1987లో థామస్ ఆషెన్‌బాక్, ఆయన సహచరులు 119 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, తల్లీతండ్రుల వంటి ఒకే పాత్రలో ఉన్నవారి మధ్య సగటు సహసంబంధం (1 అంటే పూర్తి పోలిక, 0 అంటే ఏ పోలికా లేకపోవడం) 0.60, తల్లిదండ్రులు, టీచర్ల వంటి వేర్వేరు పాత్రల్లో ఉన్నవారి మధ్య 0.28, పిల్లలు తమ గురించి తాము చెప్పినదానికీ ఇతరులు చెప్పినదానికీ మధ్య 0.22 మాత్రమే ఉన్నట్టు తేలింది. అంటే ఒకే పిల్లవాడి గురించి నలుగురు నాలుగు రకాలుగా చెప్పడం సర్వసాధారణం. అందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరి ముందు పిల్లవాడు ఒక్కో రకంగా ఉంటాడు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కనబడుతుంది. ఆ తేడాలోనే మాకు కావలసిన సమాచారం ఉంటుంది. మీరిద్దరూ మాట్లాడుకుని ఒకే జవాబు ఇస్తే ఆ సమాచారాన్ని మీ చేతులతో మీరే చెరిపేసినట్టవుతుంది.

మీరు చూసినంత మేరకే నింపండి. తెలియని వాక్యం దగ్గర ఊహించి అంకె వేయకుండా, పక్కన "చూడలేదు" అని రాయండి. అలాంటివి మరీ ఎక్కువైతే ఆవిడ ఆ ఫారాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు, దాని బదులు మీతో మాట్లాడి రాసుకుంటారు. దూరం నుంచి కూడా మీకు కనబడేవి ఉంటాయి. కాల్‌లో బాబు ఎంతసేపు నిలుస్తాడు, తానుగా ఏ సంగతులు ఎత్తుతాడు, చదువు మాట వచ్చినప్పుడు ఫోన్ ఎవరి చేతికి మారుతుంది, అతన్ని అడిగిన ప్రశ్నకు ఎవరు జవాబిస్తారు అన్నవి ఇంట్లో ఉండేవారికి అలవాటైపోయి కనబడవు.

ఏడీహెచ్‌డీ గురించి ఒక్క మాట. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికా గ్రంథం) ప్రకారం, ఆ లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి, ఇల్లు, బడి వంటి కనీసం రెండు చోట్ల కనిపించాలి. క్లాసులో తప్ప మరెక్కడా కుదురు తప్పని పిల్లవాడికి ఆ పేరు పెట్టే ముందు చాలా ఆలోచించాలి. ఇంట్లోవాళ్లను అడగకుండా ఆ రెండో చోటు గురించి తెలుసుకోవడం ఎలాగూ కుదరదు.

కుటుంబం గురించి ఏం రాస్తారన్నది మీ అసలు భయం కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-10కు అనుబంధంగా పిల్లల కోసం రూపొందించిన బహు అక్షాల వర్గీకరణలో ఆరు అక్షాలు, అంటే ఆరు వేర్వేరు శీర్షికలు, ఉంటాయి. మానసిక రుగ్మత, అభివృద్ధిలో వెనుకబాటు, తెలివితేటల స్థాయి, శారీరక జబ్బులు, అసాధారణ కుటుంబ సామాజిక పరిస్థితులు, మొత్తంగా రోజువారీ జీవితంలో పడే ఇబ్బంది అని వాటిని వేర్వేరుగా నమోదు చేస్తారు. ఐదో అక్షంలో ఏదైనా రాసినంత మాత్రాన మొదటి అక్షంలో ఉన్నదానికి అదే కారణమని అర్థం కాదు. అవి వేర్వేరు గడుల్లో ఉండటంలోని ఉద్దేశమే అది. ఇక బడికి పూర్తి రిపోర్టు ఇవ్వవలసిన అవసరం లేదు. పరీక్షల ఫలితాలు, క్లాసులో చేయవలసిన మార్పులు మాత్రమే ఉన్న ఒకటి రెండు పేజీల లేఖ వేరుగా ఇవ్వమని అడగండి. అత్తాకోడళ్ల సంగతులకు ఆ లేఖలో చోటు ఉండదు.

అమ్మానాన్నలను కూడా పంపించండి. సోమవారం ఉదయం కడుపునొప్పి అనగానే మొదట ఎవరు పలుకుతారు, ఎవరు పడుకోమంటారు, ఎవరు కసురుతారు, ఎన్ని గంటలకు నొప్పి తగ్గుతుంది అన్నది వరుసగా చెప్పగలిగేవారు వాళ్లే. ఆ వరుస తెలిస్తే కడుపునొప్పి గురించి సగం తెలిసినట్టే. ఒకసారి పిల్లల డాక్టరుకు కూడా కడుపు చూపించాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

జవాబు 2: ప్రత్యేక_బోధన_నిజామాబాద్

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తూనే, ఒక విషయంలో గట్టిగా విభేదిస్తున్నాను. కుటుంబ నేపథ్యం చూడాలి, కాదనను. అయితే మన జిల్లాల్లో ఆ నేపథ్యమే ఎక్కువసార్లు అసలు విషయాన్ని కప్పేస్తోంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల పిల్లవాడు చదువులో వెనకబడ్డాడంటే, టీచరు గానీ డాక్టరు గానీ మొదట అడిగే ప్రశ్న "నాన్న గల్ఫ్‌లో ఉన్నాడా?" అని. అవునన్న జవాబు రాగానే అందరికీ కారణం దొరికిపోతుంది. ఆ తర్వాత పిల్లవాడి చేతికి పుస్తకం ఇచ్చి చదివించి చూసేవారు ఉండరు. గల్ఫ్‌లో తండ్రులున్న పిల్లలు ఒకే క్లాసులో పది మంది ఉంటే, తొమ్మిది మంది చదువుతూనే ఉంటారు కదా.

మీరు రాసినదాంట్లో నాకు ముందుగా కనబడింది ఐదో తరగతి. అప్పటిదాకా నెట్టుకొచ్చి ఆరులో జారిపోయే పిల్లల్లో, చదవడం నిజంగా ఎప్పుడూ రాని పిల్లలు కొందరు ఉంటారు. చిన్న తరగతుల్లో అమ్మ పాఠం బిగ్గరగా చదివి వినిపిస్తే, చురుకైన పిల్లవాడు విని గుర్తు పెట్టుకుని ప్రశ్నలకు జవాబులు అప్పజెప్పేస్తాడు. ఆరు, ఏడు తరగతుల్లో పాఠాలు పొడవవుతాయి, సబ్జెక్టులు పెరుగుతాయి, ప్రశ్నపత్రాన్ని తనంతట తానే చదివి అర్థం చేసుకోవలసి వస్తుంది, ఇంగ్లిష్ మీడియం కాబట్టి అమ్మ చదివి వినిపించడం కూడా కష్టమవుతుంది. అక్కడ గుట్టు బయటపడుతుంది. అందుకే కుటుంబాన్ని తప్పకుండా అడగాలని నేనూ అంటాను. నేను అడిగేది మాత్రం ఇంట్లో గొడవలు ఉన్నాయా అని కాకుండా, వాడికి పాఠం ఎవరు చదివి పెడుతున్నారు, ఎన్నేళ్లుగా చదివి పెడుతున్నారు అని.

పరీక్ష ఎలా ఉంటుందంటే, ముందు కళ్లు, చెవులు చూపించాలి. తర్వాత తెలివితేటల పరీక్ష. మన దగ్గర బినే-కామత్ పరీక్ష గానీ, వెక్స్‌లర్ పరీక్షను నాగపూర్‌లో మాలిన్ భారతీయ పిల్లలకు అనువుగా మార్చిన మిసిక్ గానీ ఎక్కువగా వాడతారు. వాటి ప్రమాణాలు దశాబ్దాల కిందటివి కాబట్టి వచ్చిన అంకెను పట్టుకుని వేలాడకండి. సగటు 100 అనుకుంటే 88కీ 92కీ తేడా ఉందనుకోవడానికి లేదు. తెలివి సాధారణంగానే ఉందా అన్నది తెలిస్తే చాలు. ఆ తర్వాత చదవడం, రాయడం, స్పెల్లింగ్, చదివినది అర్థం చేసుకోవడం, లెక్కలు, శ్రద్ధ, చూసి గీయడం, జ్ఞాపకం వంటివి చూసే నిమ్‌హాన్స్ బ్యాటరీ, అంటే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ రూపొందించిన పరీక్షల కట్ట, పెడతారు. దాని రెండో స్థాయి 8 నుంచి 12 ఏళ్ల వారికి. మీ బాబు ఇంకా ఆ వయసులోనే ఉన్నాడు, ఆలస్యం చేయకండి.

తెలుగులో కూడా చదివించమని అడగండి. ఇంగ్లిష్ ఒక్కదాంట్లో తడబడితే మీడియం సమస్య కావచ్చు, రెండు భాషల్లోనూ తడబడితే ఆ మాట చెల్లదు. తెలుగులో రాసినది రాసినట్టే పలుకుతాం కాబట్టి, ఇలాంటి పిల్లలు పన్నెండేళ్లకు తప్పులు కొంత తగ్గించుకుని చదివేస్తారు గానీ, చాలా నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతారు. రాతలో వత్తులు, గుణింతాల దగ్గర దొరికిపోతారు. నా దగ్గరకు వచ్చే పిల్లల నోటుపుస్తకాల్లో "ప్రశ్న" అన్నది "పశన" అని, "విద్యార్థి" అన్నది "విదాతి" అని ఉంటుంది, అదే పేజీలో బోర్డు మీద చూసి దించిన వాక్యం మాత్రం ముత్యాల్లా ఉంటుంది. చూచిరాత బాగుండటం చూసి ఇంట్లోవాళ్లు, వీడికి వచ్చు గానీ బద్ధకం అనుకుంటారు.

ఇంకొకటి అడగండి: మీ వైపు గానీ, మీ భార్య వైపు గానీ, తెలివైనవాడై ఉండి కూడా చదవడం రాక బడి మానేసినవారు ఉన్నారా? చదవడంలో ఇబ్బంది కుటుంబాల్లో తరం నుంచి తరానికి వస్తుంటుంది. సైకాలజిస్టులు గీసే మూడు తరాల కుటుంబ పటంలో ఎవరు ఎవరితో మాట్లాడరన్నదే కాకుండా ఇది కూడా చేరాలి.

జవాబు 3: ఇద్దరు_పిల్లల_అమ్మ

అన్నయ్య గారూ, మా పెద్దబ్బాయికి రెండుసార్లు అసెస్‌మెంట్ అయింది కాబట్టి, తల్లిగా నాలుగు మాటలు రాస్తున్నాను. మొదటిసారి హైదరాబాద్‌లో ఒక సెంటర్‌లో, మమ్మల్ని బయట కుర్చీల్లో కూర్చోబెట్టి, బాబును లోపలికి తీసుకెళ్లి, ముప్పావు గంటలో ఒక ఐక్యూ అంకె రాసి పంపించారు. ఆ కాగితంలో ఇంటి సంగతి ఒక్క ముక్క లేదు. మీ నాన్నగారు కోరుకుంటున్నది సరిగ్గా అలాంటిదే. ఆ అంకెతో మేం ఏం చేయాలో మాకు తెలియలేదు, బడికీ తెలియలేదు. పైగా ఆ రోజు బాబు జ్వరం తగ్గి లేచాడని ఎవరూ అడగలేదు, మాకూ చెప్పాలని తోచలేదు. రెండో చోట అదే పరీక్షను వెంటనే మళ్లీ పెట్టడానికి ఒప్పుకోలేదు. ప్రశ్నలు ఇంకా గుర్తుంటాయి కాబట్టి ఫలితం సరిగా రాదన్నారు.

రెండోచోట మా అత్తగారిని కూడా రమ్మన్నప్పుడు ఆవిడ చాలా నొచ్చుకున్నారు. పిల్లవాణ్ని తానే చెడగొట్టానని తేల్చడానికే పిలుస్తున్నారని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అక్కడికి వెళ్లాక ఆ సైకాలజిస్ట్ ఆవిడను అడిగిన మొదటి మాట, "అమ్మా, బాబు మీ దగ్గర ఏయే పనులు బాగా చేస్తాడు?" అని. పచ్చళ్ల సీసాల మీద ఏ నెలలో పెట్టినవో వాడే గుర్తు పెట్టుకుని చెబుతాడని, కిరాణా లెక్క నోటితో చేస్తాడని ఆవిడ చెప్పారు. ఆ సంగతులు నాకు తెలిసినా చెప్పాలని ఎప్పుడూ అనిపించలేదు. మీ అమ్మగారిని పంపేటప్పుడు తప్పొప్పులు తేల్చడానికి కాదని, ఆవిడకు తెలిసినవి ఇంకెవరికీ తెలియవు కాబట్టి పిలుస్తున్నారని మీరే ఫోన్ చేసి చెప్పండి. కోడలు చెబితే అది వేరేగా వినబడుతుంది.

సైకాలజిస్ట్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఈ వృత్తివారిని నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే చూసుకోండి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతకవచ్చు. రిపోర్టు కింద ఆ నంబరు కూడా ఉండాలి. మేం మొదట వెళ్లినచోట ఇచ్చిన కాగితం మీద అది లేదు.

జగిత్యాల_షార్జా

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిజామాబాద్ మేడమ్ గారు అడిగిన ప్రశ్న చదివి నిన్న రాత్రి డ్యూటీ దిగాక ఇంటికి ఫోన్ చేశాను. నా భార్య ఒకటో తరగతి నుంచీ ప్రతి పాఠం వాడికి చదివి వినిపిస్తూనే ఉందట. ఆరో తరగతిలో సైన్సు, సోషల్ ఇంగ్లిష్‌లో తనకే నోరు తిరగక, ట్యూషన్‌కు పంపడం మొదలుపెట్టింది. ట్యూషన్‌లో చదివించరు, నోట్సు దించుకోమంటారు. ఇంటి సంగతికి వస్తే, మా తమ్ముడు ఆరో తరగతిలోనే బడి మానేశాడు. ఏ మోటారు పాడైనా విప్పి బాగుచేస్తాడు గానీ, పేపరు చదవమంటే ఇప్పటికీ కళ్లజోడు మరిచిపోయానంటాడు. దాన్ని మేం ఇన్నాళ్లూ నవ్వులాటగానే తీసుకున్నాం.

బాబు ఇంట్లో కుదురు లేకుండా ఉంటాడా అంటే, చిన్నాన్న పక్కన కూర్చుని బోరు మోటారు వైండింగ్ చుట్టేటప్పుడు రెండు గంటలైనా కదలడట. పుస్తకం తీస్తే మాత్రం మంచినీళ్లు, బాత్రూమ్ అంటూ లేస్తాడని మా అమ్మ చెప్పింది.

ఇంకా మూడు సందేహాలు ఉన్నాయి. అత్తాకోడళ్ల మధ్య వాడి చదువు గురించే గొడవలు జరుగుతాయి, ఆ సంగతి చెప్పాలా, దాచాలా? చెల్లెలిని ఎందుకు రమ్మంటున్నారు? ఒకవేళ లెర్నింగ్ డిసెబిలిటీ అని తేలితే సర్టిఫికెట్ వస్తుందా, దానివల్ల వాడికి మంచి జరుగుతుందా, చెడు జరుగుతుందా?

జవాబు 4: పిల్లల_సైకాలజిస్ట్_వరంగల్

మీరు ఇప్పుడు రాసిన రెండు పేరాలను యథాతథంగా కరీంనగర్‌కు పంపండి. మోటారు వైండింగ్ దగ్గర రెండు గంటలు, పుస్తకం తీస్తే మాత్రం లేచిపోవడం అన్న తేడా, మీరు ఫారంలో వేసే అంకెల కంటే ఆవిడకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇష్టమైన పనిలో లీనమయ్యే పిల్లలకు ఏడీహెచ్‌డీ ఉండదని కాదు. రెండూ కలిసి ఉండటం కూడా తరచుగా చూస్తాం. అయితే చదవడాన్ని పరీక్షించకుండా ఏడీహెచ్‌డీ గురించి ఇప్పుడే తేల్చకూడదని మాత్రం ఖచ్చితంగా చెప్పవచ్చు. నిజామాబాద్ మేడమ్ గారి అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను. గల్ఫ్ అన్న మాట కేసు షీటులో మొదటి వరుసలో పడితే, చూసేవారి దృష్టి అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది.

గొడవల సంగతి దాచకండి, ఎవరిది తప్పు అన్న తీర్పుతో కలిపి కూడా చెప్పకండి. జరిగే వరుస చెబితే చాలు. నాయనమ్మ పడుకోమంటుంది, అమ్మ బడికి పొమ్మంటుంది, ఇద్దరికీ మాట పెరుగుతుంది, ఫోన్ మీ దగ్గరకు వస్తుంది, మీరు అంత దూరం నుంచి బాబును కోప్పడతారు అనుకుందాం. ఇందులో ప్రతి ఒక్కరూ బాబు మంచి కోరే చేస్తున్నారు. అయినా చదవలేనని చెప్పుకోలేని పిల్లవాడికి ఆ ఉదయం బడి తప్పిపోతుంది, తన వల్లనే ఇంట్లో గొడవ వచ్చిందన్న భావం మిగులుతుంది. ఇక్కడ కుటుంబం చదవలేకపోవడానికి కారణం కాకపోయినా, బడి మానడం ఎలా కొనసాగుతోందో తెలియజేస్తుంది. రిపోర్టులో ఈ రెండూ విడివిడిగా ఉండాలి. కలిపేసి రాస్తే, విడదీసి రాయమని అడిగే హక్కు మీకుంది.

చెల్లెలిని పిలవడానికి కారణాలు రెండు. పెద్దవాళ్లు చెప్పనివి చిన్నపిల్లలు మామూలుగా చెప్పేస్తారు. అంతకన్నా ముఖ్యంగా, మూడో తరగతి చదివే చెల్లెలు అన్న కంటే గడగడా చదువుతుంటే, ఆ సంగతి ఇంట్లో ఎవరో ఒకరు రోజూ అంటూనే ఉంటారు. ఆ మాట అన్న మీద ఎలా పడుతోందో తెలియాలి. ఇంట్లో అందరూ ఏదో ఒక పని చేస్తున్నట్టు బొమ్మ గీయమని కూడా బాబును అడగవచ్చు. మిమ్మల్ని గీయకపోయినా, ఫోన్‌లో గీసినా నొచ్చుకోకండి. 1970 నుంచి వాడుకలో ఉన్న ఆ బొమ్మల పద్ధతి మాట కలపడానికి పనికొస్తుంది గానీ, దాన్ని బట్టి ఎవరూ రోగ నిర్ధారణ చేయకూడదు.

సర్టిఫికెట్ విషయానికి వస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం (మీరన్న లెర్నింగ్ డిసెబిలిటీ) ఒకటి. ప్రైవేటు సైకాలజిస్ట్ ఇచ్చే రిపోర్టు సర్టిఫికెట్ కాదు. ప్రభుత్వం నిర్దేశించిన వైద్యాధికారులు పరీక్షించి ఇచ్చేదే చెల్లుతుంది. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకే ఇవ్వాలని, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షించాలని, 18 ఏళ్లకు ఇచ్చినది జీవితాంతం చెల్లుతుందని ఉండేది; 2024లో వాటిని సవరించారు కాబట్టి ఇప్పటి నియమాలు అక్కడే అడిగి తెలుసుకోండి. పదో తరగతి బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టేవారి సహాయం వంటివి దానితో అడగవచ్చు. ఆ కాగితం గోడకు తగిలించేది కాదు, ఎవరికి చూపించాలన్నది మీ చేతిలోనే ఉంటుంది. తాతగారికి ఈ మాట విడిగా చెప్పండి.

సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. ట్యూషన్‌లో నోట్సు దించే గంటను తగ్గించి, రోజూ కొంతసేపు ప్రత్యేక బోధన తెలిసినవారితో చదవడమే నేర్పించాలి. అమ్మ పాఠం చదివి వినిపించడం ఒక్కసారిగా ఆపవద్దు. ఇప్పుడు వాడు క్లాసుతో పాటు నడుస్తున్నది దానివల్లనే.

జవాబు 5: ప్రత్యేక_బోధన_నిజామాబాద్

తర్వాతి సిట్టింగుకు ఒకటో తరగతి నుంచి దొరికినన్ని తెలుగు, ఇంగ్లిష్ నోటుపుస్తకాలు, జవాబు పత్రాలు సంచిలో వేసి పంపండి. ఉతికి ఆరేసినట్టున్న ఫెయిర్ నోట్సు వద్దు, రఫ్ నోటుపుస్తకాలు, డిక్టేషన్ పుస్తకాలు కావాలి. మీ తమ్ముడు గారు వీలు చూసుకుని బాబుతో పాటు వస్తే, ఆయనకు అభ్యంతరం లేకపోతే, ఆయనతో కూడా ఒక పది నిమిషాలు మాట్లాడమని సైకాలజిస్ట్ గారిని అడగండి.